తడవని కానుగ పుల్ల

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోని మాట్లాడే మనిషిని చూస్తే నా కన్ను ఇప్పటికీ ఆ చెయ్యి మిందే నిలుస్తాది. సిగ్గుతో పెట్టుకుంటారే, అది గాదు. పెదాలు రవ్వంతే కదిలి, మాట బయటికి రాకముందే లోపలికి మళ్లిపోయే మాదిరి మాట్లాడతారే, అది.

పోయిన వారం పండ్ల డాక్టరు కాడికి పోయింటి. నా కట్టుడు పండ్ల సెట్టు కింది చిగురుకు ఒరుసుకోని పుండు పడింది. నాకంటే ముందు ఒక పిల్లోడు కుర్చీలో కూకోనుండాడు. యూనివర్సిటీ హాస్టల్లో ఉండి చదువుతాండాడంట. డాక్టరు మంచోడే గానీ నోరు దురుసు. "ఏమప్పా, ఇంత చదువు చదివినావు, పండ్లు తోముకునేకి బద్ధకమా? చిగుళ్లన్నీ చీము పట్టినాయి. బ్రష్షు ముట్టుకోని ఎన్ని దినాలైంది?" అని గదిమినాడు. ఆ పిల్లోడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోని, "తెలీదు సార్" అన్నాడు.

అంతే, నాకు ఆడ కూకోబుద్ధి గాలేదు. నేను కాలేజీలో చదివేనాటి మొగం ఒకటి ఆ చెయ్యి ఎనకాల నుంచి నా తట్టు చూసినట్లాయ. నా పుండు సంగతి నేనే మర్చిపోయినాను.

వాని పేరు చెప్పను. వాళ్లోళ్లు ఇంకా గార్లదిన్నె పక్క పల్లెలో ఉండారు, ఎందుకొచ్చిన గొడవ. అరవైల మొదట్లో అనంతపురం హాస్టల్లో వాడూ నేనూ ఒకే రూము. నాది రాయదుర్గం తట్టు. మాటకు మాటకు కన్నడం కలిపి మాట్లాడతానని నన్ను "దొరే" అని పిలిచేవాడు. మెట్ట సేద్యం ఇల్లు వాళ్లది, చెనక్కాయ పండితే బట్టలు, లేకుంటే పాత బట్టలే.

వానికున్నట్లాటి పండ్లు నేను మళ్లీ యాడా చూడలేదు. నానబెట్టి పొట్టు తీసిన చెనగ్గింజల మాదిరి వరసగా, తెల్లగా. వేయించిన చింతగింజలు పటపట కొరికేవాడు. పందెం కట్టి, నీళ్ల బక్కెట్టు కమ్మీ పండ్లతో పట్టుకోని తొట్టి కాడ నుంచి వంటింటి గడప దాకా తెచ్చేవాడు. చుక్క తొణికేది గాదు. గెలిస్తే వాడడిగేది సంగట్లోకి ఇంకొక ముద్ద ఊరిబిండి పచ్చడి. ఇంత పండ్లు పెట్టుకోని అడిగేది అదేనా అని మేము నవ్వేవాళ్లం.

పొద్దన్నే అందరికంటే ముందు లేసి రైలుకట్ట పక్కన చెట్ల కాడికి పోయి పండ్లపుల్లలు ఇరుసుకోని వచ్చేవాడు. జానెడు పొడవు, చిటికెనేలంత లావు. కణుపులు నున్నగా గీకి, ఒక్కొక్కరి ట్రంకు పెట్టె మింద ఒక్కొక్కటి పెట్టేవాడు. ఎవురూ చెప్పలేదు వాణ్ణి. అందరికీ ఒకటే పుల్ల గాదు మళ్లా. మనిషిని బట్టి పుల్ల అనేవాడు. "కోపిష్టోళ్లకు వేప. పిరికోళ్లకు తుమ్మ. మంచోళ్లకు కానుగ." నాకెప్పుడూ వేపే. "ఏంలే, నేనంత కోపిష్టోణ్ణా?" అని మింద పడితే, "చూడు దొరే, ఇదే మరి. నీకు రెండు పుల్లలు కావల్ల" అని ఆ పండ్లన్నీ కనపడేలా నవ్వేవాడు. తనకు మటుకు కానుగ. మంచోడు గదా!

వానికి ఇంకొక పట్టు ఉండేది. నోరు కడుక్కునేదాకా ఎవురితో పలికేవాడు గాదు. వార్డెను పిలిచినా చేత్తో సైగే. వాళ్ల జేజి, అంటే నాయనమ్మ, నేర్పిందంట, పాసినోటితో అన్న మాట ఊరికే పోదు, అట్లే జరుగుతాది, కాబట్టి నోరు కడగందే నోరు తెరవగూడదని. మేము ఎగతాళి పట్టిస్తాంటిమి. "అట్లయితే పాసినోటితో ఫస్టు క్లాసు వస్తాదని అనుకోలే" అంటే, తొట్టి కాడికి పోయి పుక్కిలించుకోని వచ్చి నింపాదిగా, "మంచి మాటకు ఆ బలం లేదంట. జేజిని అడిగినా" అనేవాడు.

పుల్లలు నములుతా, చెంబులు చేతికి తగిలించుకోని, దొడ్డికి హాస్టలు ఎనక బీట్లోకి గుంపుగా పోయేవాళ్లం. మా రాజకీయాలు, సినిమాలు, తగువులు అన్నీ ఆడనే. వాడు మాతోనే నడిచేవాడు, ఒక్క మాట మాట్లాడకుండా. అంతా ఇని, తిరిగొచ్చి నోరు కడుక్కున్నాక మా అందరికీ వరసగా జవాబులు చెప్పేవాడు. "నువ్వన్నది తప్పు. నీది సరే. నీకు మాత్రం మీ నాయన కాడ తన్నులుండాయి." ఆ తీర్పుల కోసమే మేము తొట్టి కాడ కాసుకోనుండేవాళ్లం. నా కాలేజీ రోజుల్లో సంతోషం అంటే నాకు గుర్తుకొచ్చేది అదే.

ఆ ఏడు వానలు మొగం చాటేసినాయి. చెనక్కాయ చేన్లు ఊడలు మట్టిలోకి దిగకుండానే మాడిపాయ. హాస్టల్లో తొట్టి అడుగు కనపడింది. పొద్దన్నే మనిషికి ఒక చెంబే అన్నాడు వార్డెను.

అట్లాటి దినాల్లో ఒక పొద్దు లేసి చూస్తే పెట్టెల మింద పుల్లల్లేవు. "పుల్లలేవిలే?" అని కసిరినాడు ఒగడు, వాడేదో మా జీతగాడైనట్లు. వాడు గోడ తట్టు తిరిగి పండుకోనుండాడు. జరమేమో అనుకుంటిమి. మర్నాడూ పుల్లల్లేవు. తర్వాత ఎవుని పుల్ల వాడు ఇరుసుకునేది నేర్చుకున్నాం. వాడు మాతో బీట్లోకి వచ్చేది గూడా నిలిచిపాయ. కాలేజీకి పోయేటప్పుడు ఊరికే మొగాన రెండు చుక్కలు చల్లుకోని వచ్చేవాడు. నీళ్లు ఆదా చేస్తాండాడు పాపం అని మెచ్చుకునిరి గూడా.

ఆమీట గడ్డం పెరిగింది. మా సీమలో మగోడు గడ్డం పెంచినాడంటే ఇంగ మాట లేదు, కదిరి నరసిమ్మసామికో తిరుపతి కొండకో మొక్కుకున్నాడని అర్థం. ఏం మొక్కుకున్నావని అడగగూడదు. అడిగితే మొక్కు చెడతాదంటారు. వానలకు మొక్కుకున్నాడని ఒగడు, ఫస్టు క్లాసుకని ఒగడు, అంతే, తేల్చేసినారు. వంటాయన సంగటి ముద్ద పెట్టేటప్పుడు వానికి మర్యాదగా పెట్టేవాడు. వాడు అవుననలేదు, కాదనలేదు. మొక్కు ఎనకాల ఒక మనిషి దాక్కోవచ్చని మాకు యాడ తెలుసు?

వాసన మొదలైంది. దాచేదేముంది, మొదలైంది. పక్కన పండుకునేటోళ్లు ఒక్కొక్కరే చాపలు జరుపుకునిరి. వాడు చూసినాడు. ఆ పొద్దు నుంచి తుండుగుడ్డ కొన నోటికి అడ్డం పెట్టుకునేది మొదలుపెట్టినాడు. నవ్వు ముందు పాయ, తర్వాత మాట పాయ. చింతగింజలు కొరికినోడు సంగటి గూడా నీళ్లలో పిసుక్కోని మింగేవాడు. తుండుగుడ్డ కొనకు నెత్తురు మరకలుండేవి. చదువు తగ్గిందా అంటే తగ్గింది. ఊర్లో ఏమన్నా జరిగిందా అంటే ఏమీ జరగలేదు. పిల్ల యవ్వారమా అంటే అదీ లేదు. కారణం దొరికింటే బాగుండు అని నేను ఇన్నేళ్లూ అనుకుంటానే ఉండాను.

ఒకనాడు దవడ వాచి ఒక కన్ను మూసుకపాయ. అప్పుడు మేము చేసిన ఘనకార్యం, పండ్లపురుగులు తీసే అవ్వను పిల్చుకొచ్చినాం. బుట్ట నెత్తిన పెట్టుకోని ఈదుల్లో తిరుగుతా పుప్పి పండ్లకు మందేసే మనిషి. నిప్పుల మింద వాకుడు గింజలు చల్లి, కొబ్బరి చిప్పలో గొట్టం పెట్టి, ఆ పొగ వాని నోట్లోకి పట్టించింది. వాడు దగ్గుతా చొంగ కారుస్తా కూకున్నాడు. చివరికి గిన్నె నీళ్లలో తెల్లగా ఏవో తేలాడతాంటే, "సూడండి నాయనా, పురుగులు!" అని చూపించింది. మేమంతా కేకలేసినాం. ఇంగేముంది, పురుగు పాయ, మా వాడు మళ్లీ వస్తాడని. వాడు ఆ గిన్నె తట్టు శానాసేపు చూసి, తుండుగుడ్డ చాటు నుంచి, "ఇవి గాదవ్వా. ఇంకా లోపల ఉండాది" అన్నాడు.

"ఆడికి నా పొగ పోదు నాయనా" అని బుట్ట ఎత్తుకోని ఎళ్లిపాయ అవ్వ.

వాపు తగ్గింది. ఎప్పటి వాడు మటుకు తిరిగి రాలేదు.

ఇంగ ఆ పొద్దు గురించి చెప్పల్ల. అందరూ బీట్లోకి పోయినారు. నేను కాల్లో ముల్లు ఇరిగిందని రూములోనే ఉంటి. వాడు ఎప్పటి మాదిరే గోడ తట్టు తిరిగి ఉండాడు. ఉన్నట్టుండి ఇటు తిరిగి, లేసి కూకోని, నోటికి గుడ్డ గూడా అడ్డం పెట్టుకోకుండా అన్నాడు:

"దొరే, ఇంగ నేను ఉండనప్పా."

పాసినోటితో అన్నాడు. నోరు కడగందే వార్డెనుకు గూడా పలకనోడు, జేజి మాట తెలిసినోడు, తెలిసే అన్నాడు. భయమైతే నాకొచ్చేది కోపమే. ముల్లు సంగతి యాడ పాయనో, వాని రెట్ట పట్టుకోని తొట్టి కాడికి ఈడ్చుకపోతి. "ఆ మాట మాటే గాదు! నోరు కడుక్కోని చెప్పు! కడుక్కోని చెప్పులే, ఇంటా!" అని అరుస్తాండా. వంటాయన బయటికొచ్చి చూసి లోపలికి పాయ.

పుల్ల తేనీకి యాళ లేదు. వంటింట్లో నుంచి గుప్పెడు ఉప్పు తెచ్చి, నా ఏలితోనే వాని పండ్లు తోమినాను. చిగుళ్లు మెత్తగా పుండు మాదిరి ఉండాయి. కుయ్యో మొర్రో అనలేదు వాడు, చంటిపిల్లోని మాదిరి నోరు తెరుసుకోని కూకున్నాడు. నా చెంబు, వాని చెంబు, రెండు చెంబుల నీళ్లూ అయిపాయ. ఉమ్మిన నీళ్లు ఎర్రగా కాలవ కట్టినాయి. తుండుగుడ్డతో మూతి తుడిచి, ఎదురుగ్గా కూకోని, "ఊ, ఇప్పుడు చెప్పు" అంటి.

నోరు తెరిచినాడు. మళ్లా మూసినాడు. ఆ మాట రాలేదు వానికి. దాని బదులు ఏడుపు వచ్చింది.

"చెయ్యి లేయడం లేదప్పా" అన్నాడు. "పుల్ల నోటి దాకా తేవల్లంటే చెయ్యి లేయడం లేదు. ఎందుకో తెలీదు. నాకేమీ జరగలేదు. ఏమీ జరగకుండానే ఇట్లుండాది."

"మరి మొక్కు?"

"మొక్కూ లేదు, మన్నూ లేదు. మీరే అంటిరి. నేను ఊకుంటి."

అప్పట్లో దీనికి ఒక జబ్బు పేరుందని మాకు తెలీదు. కాలు ఇరిగితే కట్టు కట్టేటోళ్లుండారు, జరమొస్తే మాత్రలుండాయి. చెయ్యి లేయకపోతే ఎవురి కాడికి పోవల్ల? నాకు తోచింది ఒకటే. మర్నాటి నుంచి నేనే పోయి కానుగ పుల్ల ఇరుసుకొచ్చి వాని చేతిలో పెట్టి ఎదురుగ్గా నిలబడేవాణ్ణి. కొన్ని పొద్దులు నమిలేవాడు. కొన్ని పొద్దులు పుల్ల పట్టుకోని ఊరికే కూకునేవాడు, మాపటేలకు అది అట్లే ఎండిపోయి పెట్టె మింద ఉండేది. వాడు నమిలిన పొద్దు నాకు పండగ.

ఒక దినం వాళ్ల నాయన వచ్చినాడు. కొడుకు మొక్కుకున్నాడని ఎవురో ఊరికి మాట మోసినారు. మనిషి సంబరంగా ఉండాడు. "కదిరికి పిల్చుకపోయి గుండు చేపించుకోనొస్తాం. సామి రుణం ఉంచుకోగూడదు" అన్నాడు. నేను పక్కకు పిల్చి, "పెద్దనాయనా, మొక్కేమీ లేదంట. వాడే చెప్పినాడు. మనసు బాగలేదు వానికి" అంటి. ఆయన నా భుజం తట్టి నవ్వినాడు. "పిచ్చోడా, మొక్కు లేకుండా ఎవురన్నా గడ్డం పెంచుతారా? పైకి చెప్పగూడదని అట్లన్నాడప్పా. మాకు తెలీదా!" వాడు కాదన్నదే మొక్కు ఉందనేదానికి సాక్ష్యమైపాయ. కొడుకు తట్టు చూస్తి. వాడు తుండుగుడ్డ నోటికి పెట్టుకోని నేల చూస్తాండాడు.

ఆ మర్నాడు నేను లేసేతలికి వాళ్లు బస్సుకు పోయినారు. నా పెట్టె మింద ఒక వేప పుల్ల ఉన్నింది. జానెడు, కణుపులు గీకి. వాని చెయ్యి ఆ పొద్దు లేసింది.

లేని మొక్కు తీర్చినారు. గడ్డం తీసి, గుండు చేసి, నెత్తికి గంధం పూసినారు. గుండు నున్నగా అయ్యేసరికి మనిషి బాగైపోయినట్లే అందరికీ. ఇంట్లో అడిగేటోళ్లు లేరు, హాస్టలుకు పంపించేటోళ్లు లేరు, రవ్వన్ని దినాలు ఇంటి కాడ ఉండి రానీ అనిరి. ఒక పొద్దు వాడు నిద్ర లేసి, ఇంట్లో ఎవురితోనూ పలకకుండా, బయటికి నడిచినాడు. రాలేదు. బావుల్లో దిగి చూసినారు, ఏ బావిలోనూ నీళ్లే లేవు. రైలుకట్ట ఎంబడి గుత్తి దాకా పోయి అడిగినారు. ఎవురూ చూడలేదు. ఈ పొద్దుకూ ఎవురూ చూడలేదు.

పరీక్షలయినాక నేను ఆ ఊరికి పోతి. మిట్టమధ్యాన్నం. వాళ్లమ్మ అరుగు మింద కూకోనుండాది. ఆమె పక్కన ఇత్తడి చెంబు నిండా నీళ్లు, చెంబు మూతి మింద అడ్డంగా ఒక కానుగ పుల్ల. ఊర్లో గుక్కెడు నీళ్లకు వంకలో చెలమ తోడుకోని, ఆడోళ్లు పొద్దంతా కాసుకోనుండే కాలం అది.

నన్ను చూసి లేసింది. "వాని దోస్తువా నాయనా? నీతో ఏమన్నా చెప్పినాడా?" అని అడిగింది.

తల అడ్డంగా ఊపితి.

"నోరు కడగకుండా పోయినాడప్పా" అన్నాది ఆమె. "చెంబూ పుల్లా ఈడే పెట్టింటి, ముట్టుకోలేదు. అందుకే ఎవురితోనూ పలకలేదు వాడు. పాసినోటితో పలకడు గదా. పోతానని చెప్పలేదు. చెప్పలేదంటే పోలేదనే గదా నాయనా? వస్తాడు. వస్తే ముందు నోరు కడుక్కోవల్ల గదా."

పుల్లను ముట్టుకోని చూస్తి. అంచు నమలని పుల్ల, ఎండకు ఎండి కట్టె అయినాది. దినామూ కొత్త పుల్ల పెడతాదంట. మాపటేలకు ఆ నీళ్లు కానుగ చెట్టు మొదట్లో పోసి, పొద్దన్నే మళ్లా నింపుతాదంట. కరువులో నీళ్లు పారబోస్తాండావేమే అని ఆ ఊర్లో ఒక్కరు గూడా ఆమెను అనలేదు.

వాడు నాతో ఆ మాట అన్న పొద్దు నేను పక్కనున్నాను, నోరు కడిగితి, మాట ఆగింది. రెండోసారి ఆ మాట వాని లోపలే ఉండిపోయింది. లోపలుండే మాటను కడిగేదెట్ల? పొద్దన్నే లేసి తొట్టి కాడికి పోయిన ప్రతిసారీ ఇదే నాకు. నోట్లో ఒక్క పన్ను లేకపోయినా పుక్కిలించందే పలకను. "పండ్లే లేవు, పాసి యాడిది ముసలోడా" అని మా ఇంటామె బతికున్నన్నాళ్లూ ఎగతాళి చేసింది. చేసుకోనీ.

పోయిన వారం ఆ పండ్ల డాక్టరు కాడ, నా పుండు చూపించుకోకుండానే బయటికొస్తి. ఆ పిల్లోడు మెట్ల మింద కూకోనుండాడు, డాక్టరు ఇచ్చిన కొత్త బ్రష్షు చేతిలో పెట్టుకోని. పోయి పక్కన కూకుంటి.

"ఏమప్పా, చెయ్యి లేయడం లేదా?" అంటి.

వాడు గబుక్కున నా తట్టు తిరిగినాడు. "మీకెట్ల తెలుసు తాతా?"

"తెలుసులే. దీనికి ఇప్పుడు డాక్టర్లుండారంట. పండ్లోళ్లు గాదు, వేరే. నిన్ను పిల్చుకపోతా. అంతకు ముందు, రేపు పొద్దన్నే నేను నడకకు మీ హాస్టలు ముందర నుంచే పోతా. గేటు కాడికి రా. ఇద్దరం నోరు కడుక్కోని టీ తాగుదాం."

వాడు లేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోని ఎళ్లిపాయ.

మర్నాడు నీళ్ల సీసా పట్టుకోని పోయి గేటు కాడ నిలబడితి. తెల్లారింది. పిల్లోళ్లు పోతాండారు, వస్తాండారు, నన్ను చూసి ఎవురి తాతో అనుకుంటాండారు. కాళ్లు పీకినాయి. రాడులే అనుకుంటాండగా మెట్లు దిగుతా కనపడినాడు. జుట్టు రేగిపోయి, ఒక చెయ్యి నోటికి అడ్డం, ఇంకొక చేతిలో బ్రష్షు. దగ్గరికొచ్చి నిలబడి ఏదో చెప్పబోయినాడు.

"ఉండు, ఇప్పుడే చెప్పొద్దు" అంటి.

బ్రష్షు పొడిగా ఉండాది. సీసా మూత తీసి దాని మింద నీళ్లు పోస్తి.